హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ ఏజెన్సీకి: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నిర్మల్ వైపు, ఉండేది కూకట్‌పల్లిలో. వానలు మొదలయ్యాయంటే చాలు, ఆఫీసులోనూ అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ అందరూ నన్నే అడుగుతారు: కుంటాల జలపాతం ఎప్పుడు బాగుంటుంది, నాగోబా జాతరకి మనం వెళ్ళొచ్చా, పులి కనిపిస్తుందా... ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసేస్తున్నాను.

అసలు ఏజెన్సీ అంటే ఏ ప్రాంతం?

పాత ఆదిలాబాద్ జిల్లాలో కొండలు, అడవులు, ఆదివాసీ గూడేలు ఉన్న భాగం. 2016 అక్టోబరులో ఆ జిల్లా నాలుగు ముక్కలైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. మీరు చూడాలనుకునేవి ఈ నాలుగింటిలోనూ చెల్లాచెదురుగా ఉన్నాయి కాబట్టి మ్యాప్‌లో జిల్లా పేరు పట్టుకుని వెతకద్దు, ఉట్నూరుని మధ్యలో పెట్టుకుని చూడండి. ఇక్కడ ఉండేది ఎక్కువగా రాజ్‌గోండులు. వాళ్ళతో పాటు కొలాములు, పర్ధాన్లు, తోటీలు, నాయకపోడులు, అంద్‌లు, లంబాడాలు ఉంటారు. అందరినీ కలిపి "ట్రైబల్స్" అని ఒక్క మాటలో తేల్చేస్తే వాళ్ళకి నచ్చదు, నచ్చాల్సిన అవసరం కూడా లేదు.

ఎంత దూరం? ఎలా వెళ్ళాలి?

సొంత కారయితే మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కేయడమే. నిర్మల్ రెండు వందల కిలోమీటర్ల పైన, ఉట్నూరు దాదాపు మూడు వందలు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ వస్తుంది, అక్కడి నుంచే గాలి మారుతుంది. బస్సయితే జేబీఎస్ నుంచి ఆదిలాబాద్ బస్సు ఎక్కాలి, ఎంజీబీఎస్‌కి వెళ్ళి తికమక పడకండి. రైలు కావాలంటే కృష్ణా ఎక్స్‌ప్రెస్ రాత్రి సికింద్రాబాద్‌లో ఎక్కితే పొద్దున ఆదిలాబాద్‌లో దింపుతుంది, కానీ నాందేడ్ వైపు చుట్టు తిరిగి వెళ్తుంది. ఆసిఫాబాద్ వైపు వెళ్ళేవాళ్ళకి కాజీపేట మీదుగా కాగజ్‌నగర్ వెళ్ళే రైళ్ళు నయం. ఏ దారిన వెళ్ళినా దిగాక బండి లేకపోతే కష్టమే, గూడేలకి బస్సులు రోజుకి ఒకటో రెండో ఉంటాయి.

ఒక్క రోజులో వెళ్ళి రావచ్చా?

కుంటాల, పొచ్చెర జలపాతాల వరకే అయితే రావచ్చు, తెల్లవారుజామున బయల్దేరితే. కుమురం భీం జోడేఘాట్, నాగోబా గుడి ఉన్న కేస్లాపూర్ కూడా అదే రోజు అంటే మాత్రం కారు కిటికీలోంచి చెట్లు చూసి రావడమే అవుతుంది. కనీసం ఒక రాత్రి అక్కడ పడుకునేలా చూసుకోండి.

ఏ నెలలో వెళ్ళాలి?

జలపాతాల కోసమైతే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. చలి కోసమైతే డిసెంబరు, జనవరి. టీవీలో చలి వార్త వచ్చిందంటే సిర్పూర్-యు, గిన్నెధరి, అర్లి-టి పేర్లు వినపడాల్సిందే, ఉష్ణోగ్రత ఒంటి అంకెలోకి దిగుతుంది, హైదరాబాద్ స్వెట్టరు సరిపోదు. ఏప్రిల్, మే వద్దే వద్దు. జలపాతాల్లో రాళ్ళు తప్ప ఏమీ మిగలదు, ఎండ మాడ్చేస్తుంది. జులై మీద నాకు అనుమానమే. భారీ వర్షాలు పడితే వాగులు పొంగి దారులు మూసుకుపోతాయి. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకి వచ్చిన వరద చూసి గేట్లు నిలుస్తాయా లేదా అని రాష్ట్రమంతా టెన్షన్ పడింది గుర్తుందా, ఆ నీళ్ళే పైన కుంటాల మీదుగా వస్తాయి. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజున సెలవు దొరికింది కదా అని బయల్దేరకండి.

కుంటాలలో స్నానం చేయొచ్చా?

వద్దు. ఈ ప్రశ్నకి నేను ఎంత గట్టిగా చెప్పినా ప్రతి గుంపులో ఒకడు "మేం జాగ్రత్తగానే దిగుతాం" అంటాడు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. కుంటాల కడెం వాగు మీద ఉంది, నేరడిగొండ దగ్గర హైవే దిగి పన్నెండు కిలోమీటర్లు లోపలికి వెళ్ళాలి. ఎత్తు దాదాపు 45 మీటర్లు, తెలంగాణలో ఎత్తైన జలపాతంగా దీన్నే చెప్తారు. నీళ్ళు ఒక్కసారిగా కాకుండా మెట్లు మెట్లుగా దూకుతాయి, ప్రతి మెట్టు కింద ఒక గుండం. పైనుంచి చూస్తే గుండంలో నీళ్ళు ఏమీ ఎరగనట్టు నిలకడగా ఉంటాయి, లోపల మాత్రం సుడి తిరుగుతూ రాతి సందుల్లోకి లాగుతాయి. అంచు రాళ్ళకి నాచు పట్టి ఉంటుంది, చెప్పులతో ఉన్నా జారతారు, విప్పినా జారతారు. ఇంకో సంగతి, మీరున్న చోట ఎండ కాస్తున్నా ఎగువన వాన పడితే నీటి మట్టం మీ కళ్ళ ముందే పెరుగుతుంది. ఈతకి వెళ్ళి, సెల్ఫీకి వెళ్ళి ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు, ఎక్కువగా చదువుకునే కుర్రాళ్ళే.

కిందికి వందల మెట్లు దిగాలి. దిగడం సులువే, ఎక్కేటప్పుడే మోకాళ్ళు మాట్లాడతాయి, పెద్దవాళ్ళని పైన వ్యూ పాయింట్ దగ్గరే కూర్చోబెట్టండి. దుష్యంతుడి శకుంతల పేరు మీద కుంటాల అయిందని ఊళ్ళో చెప్తారు. సోమేశ్వరస్వామి కూడా ఉన్నాడు కాబట్టి శివరాత్రికి జనం బాగా వస్తారు.

పిల్లలతో వెళ్తే ఏ జలపాతం మంచిది?

పొచ్చెర. బోథ్ వెళ్ళే దారిలో, హైవేకి దగ్గర. ఎత్తు ఇరవై మీటర్ల లోపే, కానీ వెడల్పుగా, నిండుగా పడుతుంది, ఎక్కువ నడక ఉండదు. ఇక్కడా గుండం లోతే, కంచె దాటద్దు. నడవడం ఇష్టమైతే గాయత్రి, కనకాయి ఉన్నాయి. కనకాయికి బజార్‌హత్నూర్ మండలం గిర్నూరు నుంచి అడవిలో నడిచి వెళ్ళాలి, ఊరివాళ్ళలో ఒకరిని వెంట తీసుకెళ్ళి ఆయన రోజు కూలీకి తగ్గకుండా డబ్బులివ్వండి. లింగాపూర్ మండలంలో మిట్టె జలపాతం ఉంది, దాన్నే సప్తగుండాలు అంటారు, ఒకదాని తర్వాత ఒకటి ఏడు దూకుళ్ళు. నా ఓటు దానికే, కానీ వానల్లో ఆ దారి బురద అవుతుంది, చిన్న కార్లతో సాహసం చేయకండి.

నాగోబా జాతరకి బయటివాళ్ళు వెళ్ళొచ్చా?

నిక్షేపంగా వెళ్ళొచ్చు, లక్షల్లో వస్తారు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో, పుష్య అమావాస్య నాడు మొదలవుతుంది, అంటే జనవరిలోనో ఫిబ్రవరిలోనో. మేడారం తర్వాత రాష్ట్రంలో పెద్ద గిరిజన జాతర ఇదే. అయితే మనకి అలవాటైన జాతర లెక్కతో వెళ్తే సగం అర్థం కాదు. ఇది గోండుల్లో మెస్రం వంశం వాళ్ళ కులదైవం నాగోబాకి చేసే పూజ. జాతరకి చాలా ముందే మెస్రం పెద్దలు తెల్లబట్టలు కట్టుకుని, చెప్పులు లేకుండా, ఊరూరా ఆగుతూ జన్నారం వైపు గోదావరి మీద ఉన్న హస్తలమడుగు దాకా నడిచి వెళ్తారు. అక్కడ కలశంలో నీళ్ళు పట్టుకుని మళ్ళీ నడిచే వస్తారు, దారిలో ఆ కలశాన్ని నేల మీద పెట్టరు. కేస్లాపూర్ చేరాక మర్రిచెట్ల కింద విడిది. అమావాస్య అర్ధరాత్రి ఆ నీళ్ళతో మహాపూజ. వంట కుండలు సిరికొండ కుమ్మరులే చేసిస్తారు, ఆ హక్కు తరాలుగా వాళ్ళదే.

పూజ అయ్యాక బేటింగ్ ఉంటుంది. మెస్రం ఇళ్ళకి కొత్తగా వచ్చిన కోడళ్ళు తెల్లచీరలు కట్టుకుని, ముఖం కనపడకుండా కొంగు కప్పుకుని, పెద్దావిడల వెనక వరసగా దేవుడి దగ్గరికి వెళ్తారు. ఆ పరిచయం అయితేనే ఆ అమ్మాయి వంశంలో కలిసినట్టు. ఫోన్లు పట్టుకుని ఆ వరసలోకి దూరే మనవాళ్ళని చూస్తే నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది. మన పెళ్ళిలో అప్పగింతలప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి పెళ్ళికూతురి ముఖం మీద కెమెరా పెడితే ఊరుకుంటామా?

తొక్కిసలాట ఇష్టం లేకపోతే మామూలు రోజుల్లో వెళ్ళండి. మెస్రం వంశం వాళ్ళు ఇంటింటా చందాలు వేసుకుని కట్టుకున్న రాతి గుడి 2022 డిసెంబరులో పూర్తయింది. ఆ చెక్కడం తీరిగ్గా చూడాలంటే జాతరలో కుదరదు.

జాతరలో దర్బార్ అంటే ఏంటి?

జోడేఘాట్ ప్రశ్న దగ్గర చెప్తాను, రెండూ ఒకే కథ.

గుస్సాడీ డ్యాన్స్ ఎక్కడ చూడొచ్చు? టికెట్ ఉంటుందా?

టికెట్ లేదు, స్టేజీ లేదు. దీపావళి ముందూ వెనకా ఊరూరా దండారీ జరుగుతుంది. ఒక ఊరి బృందం ఇంకో ఊరికి విందుకి వెళ్తుంది, రాత్రంతా ఆటపాట, మర్నాడు ఆ ఊరివాళ్ళు సాగనంపుతారు. నెమలి ఈకల టోపీ, ఒళ్ళంతా బూడిద, భుజానికి జంతు చర్మం, చేతిలో కర్ర, ఆ వేషం కట్టినవాళ్ళు గుస్సాడీలు. అది వేషం అని నేనంటున్నాను, వాళ్ళకి మాత్రం ఆ రోజుల్లో దేవుడు ఒంటి మీద ఉన్నట్టే, ఆ దీక్షలో స్నానం కూడా చేయరు. కాబట్టి భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగుదాం రమ్మనకండి. దండేపల్లి మండలం గుడిరేవులో, గోదావరి ఒడ్డున, పద్మల్‌పురి కాకో గుడి ఉంది, దీపావళి రోజుల్లో అక్కడికి వెళ్తే చాలా బృందాలు ఒకేచోట కనిపిస్తాయి. ఈ ఆటని ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా తీసుకెళ్ళిన కనకరాజు గారిది మార్లవాయి. ఆయనకి 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబరులో పోయారు.

జోడేఘాట్‌లో చూడటానికి ఏముంది? అంత దూరం వెళ్ళడం దండగ కాదా?

ట్యాంక్‌బండ్ మీద కుమురం భీం విగ్రహం దగ్గర ఫొటో దిగినవాళ్ళు కూడా నన్ను ఇదే అడుగుతారు. ఆయన ప్రాణం పోయింది ఇక్కడే, 1940లో, నిజాం పోలీసుల కాల్పుల్లో. అడవిలో పశువులు మేపితే పన్ను, పోడు కొడితే కేసు, దున్నుకున్న భూమి ఇంకొకరి పేరు మీద పట్టా, ఇవీ అప్పటి బాధలు. జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళ మీద హక్కు గోండులకే ఇమ్మని భీం అడిగాడు. జల్, జంగల్, జమీన్ అనే మాట అక్కడిదే. గోండులు ఆయన వర్ధంతిని తేదీతో కాకుండా ఆశ్వయుజ పౌర్ణమికి చేసుకుంటారు.

ఇప్పుడక్కడ స్మారకం, విగ్రహం, గిరిజన మ్యూజియం ఉన్నాయి. మ్యూజియం బాగానే ఉంది, కానీ నన్నడిగితే అసలు చూడాల్సింది ఆ దారి. కెరమెరి మండలంలో హట్టి దగ్గర మెయిన్ రోడ్డు వదిలాక కొండలు ఒకదాని వెనక ఒకటి తెరుచుకుంటూ పోతాయి. తుపాకులున్న సర్కారుని కొద్దిమంది అక్కడ అన్నాళ్ళు ఎలా నిలవరించారో ఆ కొండలు చూశాకే అర్థమవుతుంది. కెరమెరి ఘాట్ మలుపుల్లో పొగమంచు ఉంటే నెమ్మదిగా వెళ్ళండి, చీకటి పడ్డాక అసలు వెళ్ళకండి.

ఇక దర్బార్ సంగతి. భీం చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్తకి పని అప్పజెప్పింది. ఆయన, భార్య బెట్టీ జైనూరు దగ్గర మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. అధికారులే జనం దగ్గరికి వచ్చి గోడు వినాలని నాగోబా జాతరలో దర్బార్ పెట్టించింది ఆయనే, ఇప్పటికీ జాతరలో జరుగుతుంది. బెట్టీ 1987లో పోతే ఆమె కోరిక ప్రకారం మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు, అస్థికలు 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. వాళ్ళ అబ్బాయికి ఊరి పటేల్ పేరు కలిసొచ్చేలా లచ్చు పటేల్ అని పిలుచుకునేవాళ్ళు. జోడేఘాట్ వెళ్ళే దారే కాబట్టి మార్లవాయిలో ఓ అరగంట ఆగండి.

ఇంద్రవెల్లి స్తూపం చూడాలా?

కేస్లాపూర్ వెళ్తూ ఎలాగూ దాటుతారు. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. భూముల సమస్య మీద సభకి వచ్చిన ఆదివాసీల మీద పోలీసులు కాల్పులు జరిపారు, అందులో పోయినవాళ్ళ గుర్తుగా కట్టిందే ఈ స్తూపం. పోయినవాళ్ళ లెక్క సర్కారు ఒకటి చెప్పింది, జనం ఇంకోటి చెప్తారు. చాలా ఏళ్ళు ఏప్రిల్ 20న అక్కడ నివాళికి కూడా ఆంక్షలుండేవి. పిక్నిక్ మూడ్‌లో దిగే చోటు కాదు.

పులి కనిపిస్తుందా?

కనిపించదు అనుకునే వెళ్ళండి. కవ్వాల్‌ని 2012లో టైగర్ రిజర్వ్ చేశారు, జన్నారం నుంచి సఫారీ ఉంది. మహారాష్ట్రలోని తడోబా, తిప్పేశ్వర్ వైపు నుంచి వచ్చే పులులు ఎక్కువగా కాగజ్‌నగర్ అడవుల్లో తిరుగుతాయి, జన్నారం దాకా రావడం అరుదు. దుప్పులు, నీల్గాయిలు, అడవిదున్నలు, బోలెడన్ని పిట్టలు, ఇవి చాలనుకుంటే డబ్బులు దండగ కావు. వానాకాలంలో సఫారీ ఆపేస్తారు, ముందే కనుక్కోండి.

ఎక్కడ ఉండాలి? తిండి సంగతేంటి?

జన్నారంలో, కడెంలో టూరిజం వాళ్ళ హరిత కాటేజీలు ఉన్నాయి, శని ఆదివారాలకి ముందే బుక్ చేసుకోవాలి. ఉట్నూరులో లాడ్జీలు మామూలుగా ఉంటాయి. కుటుంబంతో అయితే ఆదిలాబాద్ టౌన్ నయం. పొద్దున పోహా దొరుకుతుంది, పక్కనే మహారాష్ట్ర కదా. మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు, పచ్చిమిర్చి తొక్కు అడగండి. బిర్యానీ వెతకద్దు, అది ఇంటికొచ్చాక తినొచ్చు. ఉట్నూరు దాటాక సిగ్నల్ వస్తుంది పోతుంది, ఫోన్‌పే మీద ఆధారపడకుండా చిల్లరతో సహా నగదు ఉంచుకోండి, పెట్రోలు టౌన్‌లోనే నింపించండి.

ఏం కొనుక్కోవచ్చు?

జైనూరు మండలం ఉషేగావ్‌లో ఓజా కళాకారులు చేసే ఇత్తడి బొమ్మలు. ఈ పోత పనినే డోక్రా అంటారు, 2018లో ఆదిలాబాద్ డోక్రాకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. చేసేది చూడనిస్తారు, అడగండి. మట్టితో బొమ్మ రూపం చేసి ఆరబెట్టి, దాని మీద మైనాన్ని సన్నని దారంలా సాగదీసి చుట్టుకుంటూ వస్తారు, నగలు, కళ్ళు, ముక్కు అన్నీ ఆ మైనం దారంతోనే. పైన మళ్ళీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగి పోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ బయటికొస్తుంది, ఆ అచ్చు ఇంకెందుకూ పనికిరాదు, అందుకే ఏ రెండు బొమ్మలూ ఒక్కలా ఉండవు. దగ్గర పెట్టుకుని చూస్తే ఇత్తడి మీద ఆ దారం చుట్లు కనిపిస్తాయి. మాల్‌లో ధర చూసి నోరెత్తకుండా కట్టేవాళ్ళు ఇక్కడ బేరాలాడటం నాకు అస్సలు నచ్చదు.

ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు కూడా తెచ్చుకోండి. ఇప్పసారా ఎక్కడ దొరుకుతుంది అని మాత్రం నన్ను అడగద్దు.

భాష ఇబ్బంది అవుతుందా?

గోండీ వాళ్ళ ఇంటి భాష, తెలుగు దాదాపు అందరికీ వస్తుంది, మరాఠీ, హిందీ కూడా చాలామంది మాట్లాడతారు. ఎదురుపడితే "రామ్ రామ్" అనండి, వాళ్ళు పలకరించుకునేది అలాగే. గోండీకి లిపి లేదని అనేవాళ్ళకి ఒక మాట: నార్నూర్ మండలం గుంజాలలో పాత రాతప్రతులు దొరికాయి, ఆ గుంజాల గోండి లిపి 2018లో కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలకి వాడే యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది.

పిల్లలకి చాక్లెట్లు, పాత బట్టలు పంచొచ్చా?

రోడ్డు పక్కన కారు ఆపి పంచకండి. ఇవ్వాలనుంటే బడికి వెళ్ళి టీచర్‌ని అడిగి ఏం కావాలో అది ఇవ్వండి.

ప్లేస్ చాలా బాగుంది, ఫామ్‌హౌస్‌కి ఒక ఎకరం కొనుక్కోవచ్చా?

వెళ్ళొచ్చిన ప్రతి నలుగురిలో ఒకరు అడిగే ప్రశ్న ఇది, హైదరాబాద్ నీళ్ళ మహిమ. కుదరదు. ఇది షెడ్యూల్డ్ ఏరియా, అంటే ఆదివాసీల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం, 1959 నాటి భూ బదలాయింపు నిబంధనని 1970లో ఇంకా గట్టి చేశారు, అదే అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది. అక్కడ గిరిజనేతరులు భూమి కొనడానికి లేదు, ఇంకో గిరిజనేతరుడు అమ్ముతానన్నా లేదు, లీజు కూడా చెల్లదు. "మావాడి పేరు మీద తీసుకుందాం సార్" అనే ఏజెంటు దొరుకుతాడు. ఆ దారి పట్టారంటే డబ్బు పోతుంది, కేసు మిగులుతుంది.

అరకు వెళ్ళాలా, ఇక్కడికా?

అరకు హైదరాబాద్ నుంచి ఏడు వందల కిలోమీటర్ల దాకా. కాఫీ తోటలు, బొర్రా గుహలు, విశాఖ నుంచి అద్దాల రైలు, హోటళ్ళు, అన్నీ అమరి ఉంటాయి. నాలుగైదు రోజులు సెలవుంటే అరకే వెళ్ళండి. ఇక్కడ ఆ హంగులు లేవు, అందుకే నాకు ఇదే ఇష్టం.

అసలు వెళ్ళడమే కుదరట్లేదు, సిటీలో ఏమైనా ఉందా?

మాసబ్‌ట్యాంక్‌లో నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం ఉంది, సిటీలో చాలామందికి తెలియదు. వెళ్ళేవాళ్ళు కూడా ముందు ఇది చూసి వెళ్తే గుస్సాడీ టోపీ ఏంటో, డప్పు ఏంటో అక్కడ కొత్తగా అనిపించదు. ప్రభుత్వ సెలవులు చూసుకుని వెళ్ళండి.

సరే, రెండు రోజుల ప్లాన్ ఒకటి చెప్పెయ్యండి.

శనివారం నాలుగింటికల్లా ఇంట్లోంచి కదలాలి. నిర్మల్‌లో టిఫిన్, తర్వాత కుంటాల, పొచ్చెర. మధ్యాహ్నం ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదుగా ఇంద్రవెల్లి, కేస్లాపూర్. రాత్రికి ఉట్నూరు, లేదా వెనక్కి ఆదిలాబాద్. ఉట్నూరు నుంచి జన్నారం వెళ్ళి పడుకుందామనుకుంటే వెలుగుండగానే వెళ్ళిపోండి, అది రిజర్వ్ అడవి దారి, చెక్‌పోస్టులు ఉంటాయి. ఆదివారం పొద్దున జైనూరు వైపు వెళ్ళి మార్లవాయి, ఉషేగావ్ చూసుకుని పన్నెండు లోపు జోడేఘాట్ చేరాలి. తిరుగు ప్రయాణం వచ్చిన దారిన కాకుండా ఆసిఫాబాద్, మంచిర్యాల, కరీంనగర్ మీదుగా రాజీవ్ రహదారిలో పెట్టుకోండి. రెండింటికల్లా ఆసిఫాబాద్ దాటకపోతే శామీర్‌పేట, అల్వాల్ దగ్గర ఆదివారం రాత్రి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు.